చాలనే మాట

సింహాచలం గారు రబ్బరు బంతిని పదకొండోసారి నొక్కి, "చాలమ్మా, ఇంక నావల్ల కాదు" అంటూ చెయ్యి వాల్చేశారు. ఆయనకు పక్షవాతం వచ్చి అప్పటికి ఆరు నెలలు. కుముదిని తెర మీద గీతలు చూసింది. ఆ చేతి కండరాల్లో ఇంకా బోలెడు శక్తి మిగిలి ఉంది. అలిసిపోయింది చెయ్యి కాదు.

ఆమె ఆయన చెవి వెనక రూపాయి బిళ్లంత గుండీ ఒకటి అంటించింది.

"ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టండి బాబాయిగారూ."

ఈసారి అరవై దాటినా ఆయన ఆగలేదు. కుముదినే ఆపించాల్సి వచ్చింది. ఆయన తన చేతిని తిప్పి తిప్పి చూసుకుని, ఆ బంతిని ఇంటికి పట్టుకెళ్తానని పట్టుబట్టారు.

విశాఖపట్నంలోని ఆ నాడీ పరిశోధన సంస్థలో ఏడేళ్లుగా కుముదిని వెతుకుతున్నది దీనికోసమే. మెదడు అడుగున పెసరగింజంత చోటు ఒకటుంది. ఒళ్లు నిజంగా అలిసిపోవడానికి చాలా ముందే అది "చాలు" అంటుంది. గుండీ పంపే సన్నటి విద్యుత్తు ఆ గింజను కాసేపు జోకొడుతుంది. అంతే.

"రోజుకు నలభై నిమిషాలు. అదీ రోగులకు మాత్రమే" అన్నారు విభాగాధిపతి సోమయాజులు గారు. "ఆ గింజ ఇంకా ఏయే పనులు చేస్తుందో మనకు తెలీదు కుముదినీ. తెలీనిదాన్ని ఎక్కువసేపు నిద్రపుచ్చకూడదు."

"అలాగే సార్" అంది కుముదిని. ఆ రోజు ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

*

కుముదిని అక్క హైమవతి విజయనగరంలో బొంతలు కుట్టి ఆన్‌లైన్లో అమ్మేది. ఆ పేజీ పేరు "అమ్మకోక". తల్లులు పోయిన వాళ్లు, తల్లులు దూరంగా ఉన్నవాళ్లు, వాళ్ల పాత కోకలు పార్సిల్లో పంపేవారు. ప్రతి కోకతోపాటు ఒక ఉత్తరం ఉండాలని హైమవతి షరతు. ఆ ఉత్తరం చదివి, కాసేపు ఊరికే కూర్చుని, అప్పుడు కత్తెర ముట్టుకునేది. కుట్టంతా చేత్తోనే. కూతురు ఇందుజ ఉయ్యాల్లో ఉన్నప్పుడు దానికోసం కుట్టిన బొంతతో మొదలైన పని అది. ఇప్పుడు ఇందుజకు తొమ్మిదేళ్లు.

పని కన్నా కష్టమైంది, ఆ పని రోజూ కనబడేలా చెయ్యడం. పొద్దున్న పదకొండింటికల్లా ఒక వీడియో పెట్టాలి. వచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబివ్వాలి. నాలుగు రోజులు మానేస్తే పేజీ ఎక్కడో అడుక్కి వెళ్లిపోతుంది, ఎవరికీ కనబడదు. అంతకుముందు ఏడాది జ్వరమొచ్చి తొమ్మిది రోజులు పడుకుంటే, పాత ఖాతాదారులు మళ్లీ రావడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటినుంచి హైమవతికి పడుకోవడమంటే భయం పట్టుకుంది. పండగనాడూ వీడియో పెట్టింది, గొంతు పోయిననాడూ పెట్టింది.

ఒక ఆదివారం కుముదిని వెళ్లేసరికి అక్క వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. ఎక్కడినుంచో ఫోన్ మోగుతోంది. కుముదిని వెతికితే బియ్యం డబ్బాలో దొరికింది.

"అది మోగితే గుండె దడదడలాడిపోతన్నాదే" అంది హైమవతి. "అందుకే అందులో పడేసి మూతెట్టీసేను."

"కొన్నాళ్లు మానేయొచ్చు కదక్కా?"

"మానీడానికి భయం. చెయ్యడానికి ఓపిక లేదు. పోనీ ఈ పనంటే ఇష్టం లేదా అంటే, ప్రాణం. రోజూ చెయ్యాలని ఉంటాది. రోజూ చెయ్యలేకపోతన్నాను. ఏటి చెయ్యమంటావు చెప్పు?"

అక్క సూది పట్టుకునే చేతివేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి. చిన్నప్పుడు తనకు ఆ వేళ్లే జడలల్లాయి. తల్లి చనిపోయాక తన చదువు ఆగకుండా చూసినవీ ఆ వేళ్లే.

మరుసటి వారం కుముదిని ఒక గుండీ తెచ్చి అక్క చెవి వెనక అంటించింది. "రోజుకు రెండు గంటలే. ఎవరితోనూ అనకు" అంది. అక్క కోసమే ఇది చేస్తున్నానని తనకు తాను చెప్పుకుంది. అది అబద్ధం కాదు. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషి గుండీని ఎక్కువకాలం పెట్టుకుంటే ఏమవుతుందో ప్రపంచంలో ఎవరి దగ్గరా వివరాలు లేవు. ఆ ఆలోచనా అప్పుడు ఆమె మనసులో ఉంది.

*

మొదటి నెలలు సంబరంగా గడిచాయి. హైమవతి మళ్లీ పాటలు పాడుకుంటూ కుట్టడం మొదలుపెట్టింది. రోజూ పదకొండింటికి వీడియో, సాయంత్రానికల్లా ప్రతి ప్రశ్నకూ జవాబు. ఆర్డర్లు మూడింతలయ్యాయి. హైమవతి భర్త గౌరీశ్వరరావు మున్సిపల్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన ఫోన్ చేసి, "మా ఇంటావిడని మళ్లీ మాకిచ్చీసేవమ్మా" అన్నాడు.

రెండు గంటలు ఆరయ్యాయి. ఆరు గంటలు పదహారయ్యాయి. గుండీలోంచి వివరాలన్నీ కుముదిని కంప్యూటర్లోకి వస్తూనే ఉన్నాయి. ఆపమని చెప్పాలనుకుంటూనే, ఆ గీతల వంక చూస్తూ ఉండిపోయేది. అంత స్పష్టమైన గీతలు ఏ రోగి దగ్గరా రాలేదు.

ఆ తర్వాత రాజాం నుంచి ఒకావిడ బొంతను తిప్పి పంపింది. పిల్లను పడుకోబెడితే చెక్క మీద పడుకోబెట్టినట్టుందట. కుముదిని దాన్ని పట్టుకుని చూసింది. కుట్టు పక్కన కుట్టు, వరస పక్కన వరస. కింద గుడ్డ కనబడటం లేదు.

"ఎందుకక్కా ఇన్ని వరసలు?"

"ఏమోనే. ఇంకొక్క వరస ఉంటే బాగుణ్ననిపిస్తాది. అదేసేక ఇంకొకటి." హైమవతి మాట్లాడుతూనే సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎదురుగా ఎవరో తల్లి గురించి రాసిన ఉత్తరం తెరిచి ఉంది. ఆమె కళ్లు దాని మీద పరిగెడుతున్నాయి గానీ ఎక్కడా ఆగడం లేదు.

ఇదివరకు భార్యాభర్తలిద్దరూ ఒకేసారి అలిసిపోయేవారు. సాయంత్రం అయిదింటికి చాప మీద నడుం వాల్చి టీ తాగేవారు. ఇప్పుడు గౌరీశ్వరరావు స్కూలునుంచి రాగానే గుడ్డ కత్తిరించాలి, బొంతలు మడతపెట్టి పార్సిళ్లు కట్టాలి, స్కూటర్ మీద కొరియర్ ఆఫీసుకు మోసుకెళ్లాలి. తిరిగొచ్చేసరికి ఇంకో నాలుగు సిద్ధంగా ఉండేవి.

ఒక శనివారం స్కూలు ఇంటర్వెల్లో ఆయన కుముదినికి ఫోన్ చేశాడు. వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది.

"కుముదా, ఆ గుండీ తీసీమని మీ అక్కకి చెప్పమ్మా. నేను చెప్తే వినడం లేదు."

"ఏమైంది బావా?"

"దానికేటీ అవలేదు. నావల్లే కావట్లేదు. పిల్లల్చేత గ్రౌండు చుట్టూ పరుగులు తీయించినోణ్ని, ఇప్పుడు మెట్లెక్కితే రొప్పొస్తన్నాది. అలిసిపోయేను హైమా అంటే నా మొహంకేసి చూస్తాది. తెలీని భాషేదో మాట్లాడినట్టు చూస్తాది. మళ్లీ 'ఇంకొక్కటి కట్టీండి' అంటాది. కోపంగా కాదమ్మా, నవ్వుతూనే అంటాది."

కుముదిని కేలండర్ వైపు చూసింది. ఏడాది వివరాలు పూర్తవడానికి ఇంకా పది రోజులున్నాయి.

"పది రోజులాగండి బావా. నేనే వచ్చి తీసేస్తాను."

"పది రోజులే కదా. సరేలేమ్మా" అన్నాడాయన.

తర్వాతి శనివారం మధ్యాహ్నం, కొరియర్ ఆఫీసు కౌంటర్ మీద పార్సిళ్లు ఒక్కొక్కటే దించుతూ గౌరీశ్వరరావు కూలిపోయాడు. గుండె ఆగిపోయింది. ఆసుపత్రిదాకా కూడా వెళ్లలేదు. ఆయనకు నలభై మూడేళ్లు.

*

శవం పక్కన కూర్చున్న అక్క చెవి వెనకనుంచి గుండీని కుముదిని తన చేత్తోనే తీసింది. హైమవతి గుండెలవిసేలా ఏడుస్తోంది. అందరూ ఏడుస్తున్నారు. అందులో వింతేమీ కనబడలేదు.

మూడో రోజుకు మిగతావాళ్లు మంచినీళ్లు అడిగారు, ఏదో తిన్నారు, పోయినాయన మంచితనం చెప్పుకుంటూ ఒకటి రెండుసార్లు నవ్వారు కూడా. హైమవతి మాత్రం మొదటి గంటలో ఎలా ఏడ్చిందో అలాగే ఏడుస్తోంది. పదకొండో రోజుకు గొంతు పోయింది. గొంతు లేకుండా ఏడ్చింది. డాక్టరు మందిస్తే పడుకునేది. మత్తు వదిలిన క్షణాన, కబురు అప్పుడే తెలిసినట్టు మళ్లీ మొదలయ్యేది. వాళ్లమ్మను చూసి భయపడి ఇందుజ పక్కింట్లో పడుకుంటోంది.

కుముదిని అక్క మెదడుకు పరీక్ష చేయించింది. పెసరగింజంత చోటులో ఏ కదలికా లేదు. ఏడాదిపాటు జోకొడితే అది మేలుకోవడం మరిచిపోయింది. దుఃఖాన్ని మనిషి ఎలా మొయ్యగలుగుతున్నాడో కుముదినికి అప్పుడు తెలిసొచ్చింది. ఎంత ప్రేమించినవాళ్లు పోయినా, ఏడ్చి ఏడ్చి ఒక చోట ఒళ్లు "చాలు" అంటుంది. ఆ మాట అనేవాళ్లే అక్కలో లేరు.

ఆమె సోమయాజులు గారి గదిలోకి వెళ్లి నిలబడే అంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"రోజుకు ఎన్ని గంటలు?"

"పదహారు."

"ఎన్నాళ్లు?"

"పదకొండు నెలల ఇరవై ఏడు రోజులు సార్."

"ఆపమని ఎవరైనా అడిగారా? మీ బావగారు?"

కుముదిని బల్ల మీది కళ్లజోడు వంక చూసింది. "లేదు సార్" అంది.

ప్రయోగం ఆ వారమే ఆగిపోయింది. కుముదిని ఉద్యోగమూ పోయింది. అలవాటుగా వచ్చిన సింహాచలం గారిని గుమ్మంలోనే ఆపి ఇంటికి పంపించారు. ఆయన బంతిని చంకలో పెట్టుకుని, "మళ్లీ ఎప్పుడు రమ్మంటారమ్మా?" అని రెండుసార్లు అడిగారు.

అయినా సోమయాజులు గారు కుముదినిని వదిలెయ్యలేదు. ఆసుపత్రి కమిటీతో మాట్లాడి హైమవతిని రోగిగా నమోదు చేయించారు. రెండు నెలలు కూర్చుని ఇద్దరూ కలిసి కొత్త గుండీల జత ఒకటి తయారుచేశారు. కుముదిని మెదడులోని గింజ "చాలు" అన్నప్పుడు మొదటి గుండీ దాన్ని పట్టుకుంటుంది. రెండోది దాన్ని హైమవతికి వినిపిస్తుంది.

"కానీ ఒకటుంది" అన్నారాయన. "ఆవిడ దేనికోసం ఏడుస్తుందో నువ్వూ దానికోసమే ఏడవాలి. పక్కన ఊరికే కూర్చుంటే నీ గింజ ఏమీ అనదు."

*

కుముదిని విజయనగరం వచ్చేసింది. ఇందుజను స్కూలుకు పంపాక, మధ్యాహ్నం భోజనాలవేళ అక్కచెల్లెళ్లిద్దరూ చెరొక గుండీ పెట్టుకుని గౌరీశ్వరరావు గురించి మాట్లాడుకునేవారు. ఆయన ఈల వేస్తే వీధి చివరి పిల్లలు కూడా వరసలో నిలబడటం, పెళ్లిచూపుల్లో గాభరాపడి జంతిక చేతిలోనే నలిపేసుకోవడం, ఇందుజ పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో కసరత్తు చెయ్యడం. ఇద్దరూ ఏడ్చేవారు. గంటకో గంటన్నరకో కుముదిని ఒళ్లు వదులైపోయేది. అదే క్షణంలో హైమవతి భుజాలు దిగేవి. పమిటతో మొహం తుడుచుకుని, "అన్నం ఉన్నాదా?" అని అడిగేది. ఒక సెలవురోజు మొదటిసారి ఆ మాట విన్నప్పుడు ఇందుజ పరిగెత్తుకొచ్చి తల్లి ఒళ్లో మొహం దాచుకుంది.

బీరువాలో పందొమ్మిది కోకలు మిగిలిపోయి ఉన్నాయి. ఎవరెవరి తల్లులవో. పేజీ మూలపడిపోయినా వాళ్లు అడుగుతూనే ఉన్నారు. "మా అమ్మ చీర జాగ్రత్తగా ఉందా?" అని. అక్కచెల్లెళ్లు వాటిని కుట్టడం మొదలుపెట్టారు. కుట్టు బొత్తిగా రాని కుముదినికి అరగంటకే మెడ లాగేది, వేళ్లు నొప్పెట్టేవి. ఆమెకు చాలనిపిస్తే అక్కకీ చాలనిపించేది. ఇద్దరూ సూదులు పక్కన పెట్టేసేవారు. వీడియో పెట్టిన రోజు పెట్టారు, లేని రోజు లేదు. వచ్చే నలుగురూ వస్తూనే ఉన్నారు.

"మొదట్నించీ ఇలాగ చేసుకున్నా సరిపోయేది కదేటే" అంది హైమవతి ఒక రోజు. కుముదిని ఇంకో కుట్టు వేసింది.

ఏడు నెలలు గడిచాక, కుముదినికి కన్నీళ్లు రావడం తగ్గింది. బావ మాట వస్తే నవ్వు వచ్చేది. తన దుఃఖం మానుతోంది. అందరికీ మానినట్టే మానుతోంది. ఆ మానడమే ఇప్పుడు ప్రమాదమైంది. ఎంతసేపు కూర్చున్నా ఆమె గింజ ఏమీ అనడం లేదు, హైమవతి ఏడుపు ఆగడం లేదు. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు సెలవు. ఇందుజ గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"పిన్నీ, నీకు ఏడుపు రావట్లేదా?"

కుముదిని ఆ పిల్లను పక్కింటికి పంపి, అక్క ఎదురుగా వచ్చి కూర్చుంది. ముట్టుకుంటే ఇంకా కాలేది తన లోపల ఒకటే ఉంది. దాన్ని తియ్యాలి. గుండీల పెట్టె కిటికీలో ఉంది. ముందు మాట బయటికి రానీ, తర్వాత పెట్టుకుందామనుకుంది.

"అక్కా, బావ నాకు ఫోన్ చేశారు."

హైమవతి ఏడుస్తూనే చూసింది.

"పోయే ముందు శనివారం. స్కూలునుంచి. తనవల్ల కావట్లేదన్నారు. నీ గుండీ తీసెయ్యమన్నారు."

"నువ్వేటన్నావు?"

"పది రోజులాగమన్నాను."

"ఎందుకు?"

"ఏడాది నిండాలని. ఏడాది నిండితే..." కుముదిని ఆ వాక్యం పూర్తి చెయ్యలేకపోయింది.

హైమవతి చాలాసేపు చెల్లెలి వంకే చూసింది.

"నాతోటీ చెప్పేరే" అంది చివరికి. "అలిసిపోయేను హైమా అని రోజూ చెప్పేరు. నాకు వినబడలేదు. నీకు వినబడ్డాది కదా. నీ చెవెనకాల ఏటీ లేదు కదా."

కుముదిని అక్క పాదాలు పట్టుకుంది. తప్పయిపోయిందంది. నీకోసమే మొదలుపెట్టానంది. ఆ గీతలు చూస్తుంటే ఇంకేమీ కనబడలేదంది. సోమయాజులు గారికీ అబద్ధం చెప్పానంది. ఇన్నాళ్లుగా రాని కన్నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. చెబుతూ ఉంది, చెబుతూనే ఉంది. ఎంత చెప్పినా ఇంకా మిగిలే ఉంది.

హైమవతి పాదాలు వెనక్కి తీసుకుంది.

"చాలు" అంది.

కుముదిని తల ఎత్తింది.

"చాలు కుముదా. ఇంక వినలేను. నువ్వెళ్లిపో."

కుముదిని చూపు తనకు తెలియకుండానే కిటికీ వైపు వెళ్లింది. పెట్టె మూసే ఉంది. రెండు గుండీలూ అందులోనే ఉన్నాయి. ఆ మాట తనది కాదు, అక్కదే. ఎన్ని నెలలుగానో ఎదురుచూసిన మాట. "అక్కా, నీకు..." అనబోయి అక్క మొహం చూసి నోరు మూసుకుంది. లేచి, చెప్పులేసుకుని, బయటికి నడిచింది.

బస్సు కాంప్లెక్సులో కూర్చుని ఉండగా పక్కింటి నంబరునుంచి ఫోన్ వచ్చింది. ఇందుజ.

"పిన్నీ, అమ్మ పడుకున్నాది. మందు వేసుకోలేదు, గుండీ పెట్టుకోలేదు. తనే పడుకున్నాది. పొట్ట మీద చెయ్యేసి చూసేను, ఊపిరి బాగానే తీస్తన్నాది." తర్వాత గొంతు తగ్గించి, "నువ్వెప్పుడొస్తావు?" అంది.

"చదువుకో తల్లీ" అంది కుముదిని. ఆ పిల్ల అడిగినదానికి అది జవాబు కాదు.

*

ఆ తర్వాత "అమ్మకోక" వారానికి నాలుగు రోజులే తెరిచి ఉంటోంది. మిగతా మూడు రోజులూ ఎవరు పిలిచినా పలకదు. పేజీ మీద ఆ సంగతి రాసి ఉంది. విశాఖలో ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న కుముదిని, పదకొండింటికి ఖాళీ దొరికితే ఆ వీడియోలు చూస్తుంది. అక్క ఉత్తరం చదువుతుంది, కాసేపు ఊరికే కూర్చుంటుంది, కత్తెర తీస్తుంది. చెల్లెలి ఫోన్ మాత్రం ఎత్తదు. ఒకసారి కుముదిని తన పాత కోక ఒకటి, ఉత్తరం రాసి పెట్టి పంపింది. అది విప్పకుండానే తిరిగొచ్చింది.

పరీక్షలు చేయించాలని సోమయాజులు గారే హైమవతిని పిలిపించుకున్నారు. గింజ మేలుకుంది. పూర్తిగా కాదు గానీ మేలుకుంది. ఆయన చివరి నివేదిక కాగితాలు కుముదిని ముందు పెట్టారు.

"ఇది నువ్వే పూర్తిచెయ్యాలి. ఆ రోజు అక్కడున్నది నువ్వే."

రోగి పేరు, చికిత్స మొదలైన తేదీ, ముగిసిన తేదీ. అన్నీ రాసింది. చివర "కోలుకోవడానికి కారణం" అని ఒక గడి ఉంది. కుముదిని దాని ముందు చాలాసేపు ఆగి, ఒకే వాక్యం రాసింది: "భర్త అలిసిపోయానని చెల్లెలితోనూ చెప్పుకున్నాడని, చెల్లెలు పట్టించుకోలేదని, రోగికి ఆ రోజు తెలిసింది."

సోమయాజులు గారు చదివారు. తను ఒకప్పుడు అడిగిన ప్రశ్న, ఆమె ఇచ్చిన జవాబు ఆయనకు గుర్తొచ్చాయేమో, తల ఎత్తి చూశారు. సంతకం చేసి, ఆమెను గదిలో ఒంటరిగా వదిలి వెళ్లిపోయారు.

కుముదిని బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. పక్క గదుల్లో వాళ్లు విన్నా పట్టించుకోలేదు. ఎండ కిటికీ ఈ పక్కనుంచి ఆ పక్కకు జరిగేదాకా ఏడ్చింది. ఆ తర్వాత అందరికీ వచ్చినట్టే ఆమెకూ అలుపొచ్చింది. కళ్లు తుడుచుకుంది, దాహమేసింది, లేచి మంచినీళ్లు తాగింది. ఇంత జరిగాక కూడా తనకు దాహమెయ్యడం ఆమెకు సిగ్గనిపించింది. గ్లాసు కడిగి బోర్లించి, సాయంత్రం బస్సుకు నడిచింది.